అటక మీది కంప్యూటర్‌ని పాతసామాన్లకి వేసే ముందు

మన ఇళ్ళల్లో ఏ వస్తువూ చూడకుండా గడప దాటదు. చొక్కా వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు జేబు తడుముతాం. పాత చీరలు స్టీలు సామాన్ల వాళ్ళకి వేసే ముందు కొంగు చివర ఏమన్నా ముడేసి ఉందేమో చూస్తాం. ట్రంకుపెట్టె ఎవరికైనా ఇవ్వాలంటే అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూస్తాం. అంత జాగ్రత్తపరులం. అలాంటి మనమే, పదేళ్ళ సంసారాన్ని కడుపులో పెట్టుకుని అటక మీద కూర్చున్న కంప్యూటర్‌ని మాత్రం "ఎలాగూ ఆన్ అవట్లేదు కదా, పట్టుకెళ్ళు" అని మూడొందలకో ఐదొందలకో వేసేస్తాం.

నాకిది అస్సలు మింగుడు పడదు. అందుకే ఈ మాట కాస్త గట్టిగానే చెప్పదలుచుకున్నాను. కంప్యూటర్ పోవడం వేరు, అందులో ఉన్నవి పోవడం వేరు. మొదటిది జరిగింది కాబట్టి రెండోది కూడా జరిగిపోయి ఉంటుందనుకుని చేతులారా పారేసుకుంటున్నాం. పైగా లోపల ఉన్నవాటిని బయటికి తీసే పని మగవాళ్ళదో, పిల్లలదో, షాపు అతనిదో అనుకుంటాం. కాదు. ఆ పనిలో ముందు కూర్చోవలసింది ఇంటి సంగతులు తెలిసిన మనిషి. చాలా ఇళ్ళల్లో ఆ మనిషి మనమే.

ఒక్కసారి మీ ఇంట్లో ఫోటోల లెక్క చూసుకోండి. మన పెళ్ళినాటివి ఆల్బమ్‌లో ఉన్నాయి, ఉల్లిపొర కాగితాల మధ్య. పెద్దపిల్లల అన్నప్రాసన దాకా రీలు కెమెరాయే కాబట్టి కడిగించి అంటించాం. ఈ ఏడెనిమిదేళ్ళవి ఫోన్లో ఉన్నాయి, ఫోన్ పోయినా గూగుల్ లెక్కలోనో ఇంకెక్కడో కొన్ని ఉంటాయి. మరి మధ్యలోవి? డిజిటల్ కెమెరా కొత్తగా ఇంట్లోకి వచ్చి, కడిగించడం మానేసి, "కంప్యూటర్‌లో వేశాంలే" అనుకున్న రోజులవి? చిన్నపిల్లవాడు బోర్లా పడ్డది, అక్షరాభ్యాసం, మామగారి షష్టిపూర్తి, తిరుపతి మెట్ల దారి... ఆ ఏళ్ళన్నీ ఆల్బమ్‌లోనూ లేవు, ఫోన్లోనూ లేవు. అటక మీద ఉన్నాయి. ఆ కాలంలో పుట్టిన పిల్లలకి తమ చిన్నతనం చూసుకోవాలంటే అదొక్కటే దిక్కు.

మా ఇంట్లో కంప్యూటర్ 2008లో కొన్నది. విండోస్ ఎక్స్‌పీ, 160 జీబీ హార్డ్ డిస్కు. ఫోటోలు సరే, నాకు వాటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది అందులో. మా అమ్మ గొంతు. 2010 శ్రావణమాసంలో అమ్మ మా ఇంట్లో ఉన్నప్పుడు, నోము పాటలూ మంగళహారతులూ నాకు పూర్తిగా రావు కదా అని, హెడ్‌ఫోన్ మైకు ముందు కూర్చోబెట్టి పాడించాను. ఎక్స్‌పీలో ఉండే సౌండ్ రికార్డర్ మామూలుగా ఒక్క నిమిషం రికార్డు చేసి ఆగిపోయేది. పాట మధ్యలో ఆగేది, మళ్ళీ నొక్కాలి. "అయిపోయిందేమిటే, మళ్ళీ ఎత్తుకోనా?" అని అమ్మ అడగడం కూడా అందులో పడింది. అలా 14 ముక్కలు. అమ్మ 2016లో వెళ్ళిపోయింది.

కంప్యూటర్ ఆగిపోయాక ఒక షాపుకి తీసుకెళ్ళాం. అతను మూత తీసి చూసి, "బోర్డు పోయిందమ్మా. దీనికి ఇప్పుడు స్పేర్లు రావు. కొత్తది తీసుకోండి, దీన్ని ఎక్స్చేంజ్‌లో వేసుకుంటా" అన్నాడు. "మరి లోపల ఉన్నవి?" అన్నాను. "ఇంత పాతదాంట్లో ఏముంటాయమ్మా" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. బోర్డు పోయిందో లేదో అతనికి తెలుసు. లోపల ఏముందో అతనికెలా తెలుస్తుంది? అది తెలిసినదాన్ని నేను. అందుకే తిరిగి ఇంటికి తెచ్చాను.

ఇక్కడ అసలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనం కంప్యూటర్ అని పిలిచే డబ్బాలో కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఒకటి, అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు ఒకటి, ర్యామ్ ఒకటి, ఇంకా ఫ్యాన్లూ వగైరా ఉంటాయి. వీటిలో ఏది పోయినా తెర నల్లగానే ఉంటుంది. కానీ మన ఫోటోలూ పాటలూ ఉండేవి వాటిలో దేంట్లోనూ కాదు, హార్డ్ డిస్కు అనే చేతిలో పట్టేంత ఇనప డబ్బాలో. వీధి తలుపు తాళం బిగుసుకుపోయిందంటే బీరువాలో నగలు పోయినట్టు కాదు కదా. ఇంకో దారిన లోపలికి వెళ్ళి బీరువా బయటికి తెచ్చుకుంటాం. ఆ ఇంకో దారే ఇంకో కంప్యూటర్.

ఇంకో కంప్యూటర్‌తోనే ఎందుకు చేయాలి, పాతదాన్నే ఎలాగోలా నడిపించి కాపీ చేసుకోవచ్చు కదా అనొచ్చు. డిస్కు గట్టిగా ఉంటే చేసుకోవచ్చు. నీరసపడిన డిస్కుతో మాత్రం అది కూడదు. కంప్యూటర్ దాని మీదనుంచే మొదలైనప్పుడు విండోస్ ఊరుకోదు. తన లెక్కలు తాను రాసుకుంటూ, తాత్కాలికంగా ఏవేవో దాచుకుంటూ, ఆ డిస్కుతో ఎడతెరిపి లేకుండా పని చేయిస్తుంది. పొరపాటున చెరిపేసిన ఫోటోలు తిరిగి తీయాలనుకుంటే, సరిగ్గా వాటి చోటులోనే కొత్తది రాసేయొచ్చు కూడా. జ్వరంతో ఉన్న మనిషిచేత వంట చేయించి, ఆ వంటే ఆవిడకి పెట్టినట్టు ఉంటుంది. అదే డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే, పని అంతా ఆ ఆరోగ్యంగా ఉన్నది చేస్తుంది. పాతది ఊరికే సామాన్ల గదిలా ఉంటుంది. తలుపు తీసి, కావలసినవి తెచ్చుకోవడమే.

తగిలించడం ఎలాగంటే, మనకి ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నవి ల్యాప్‌టాప్‌లు. డెస్క్‌టాప్‌లోంచి తీసిన 3.5 అంగుళాల డిస్కు దానిలోపల పట్టదు. దానికి యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. మాకు 1,200 రూపాయలైంది. కొనే ముందు డిస్కు వెనక చూసుకోవాలి. సన్నటి ఎల్ ఆకారపు గాడి ఉంటే సాటా రకం. రెండు వరసల సూదుల్లాంటి పిన్నులు, వాటికి బెత్తెడు వెడల్పు రిబ్బను కేబుల్ ఉంటే ఐడీఈ రకం. సాటా మార్కెట్లోకి వచ్చింది 2003 ప్రాంతంలో, కాబట్టి అంతకు ముందు కొన్న కంప్యూటర్లలో ఐడీఈ ఉంటుంది, ఆ తర్వాత కొన్నేళ్ళు రెండూ కలిసి నడిచాయి. రెండిటికీ పనికొచ్చే అడాప్టర్లూ ఉన్నాయి. ఇంకొక్క మాట, డెస్క్‌టాప్ డిస్కుకి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి. గోడకి పెట్టే ప్లగ్గు కూడా వచ్చే అడాప్టరే తీసుకోండి. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 2.5 అంగుళాల చిన్న డిస్కుకి యూఎస్‌బీనుంచి వచ్చే కరెంటు మామూలుగా సరిపోతుంది.

విప్పడానికి ఒక ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. ప్లగ్గు పూర్తిగా పీకేసి, డబ్బా ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. ఒంట్లో ఉండే స్థిరవిద్యుత్తు చిప్పుల మీదికి పోకుండా ఉంటుంది. డిస్కుకి పక్కల నాలుగు స్క్రూలు, వెనక రెండు కేబుళ్ళు. అంతే. మిక్సీ జార్ కింద బ్లేడు విప్పి వాషరు మార్చే మనకి ఇదొక లెక్కా! ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకూడదు, అందులో కరెంటు నిలవ ఉంటుంది. హార్డ్ డిస్కు మూత అసలే విప్పకూడదు. లోపల అద్దంలాంటి పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే తల, వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల ఎత్తులో, తాకకుండా తేలుతూ ఉంటుంది. మన ఇంటి గాలిలో ఉండే దుమ్ము రేణువు ఒక్కటి చాలు దాని పని అయిపోవడానికి.

తగిలించాక ముందు చెవి పెట్టి వినండి. సన్నగా జుయ్‌మని తిరిగితే సంతోషం. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. లోపలి తల దెబ్బతిన్న గుర్తు అది. ఇక అది మన చేతిలో పని కాదు. అలాంటివి తెరిచి చూడటానికి దుమ్ములేని గదులున్న డేటా రికవరీ వాళ్ళు ఉంటారు. ఖరీదైన వ్యవహారమే. కానీ నడిపినకొద్దీ పళ్ళెం గీసుకుపోయి వాళ్ళకి కూడా ఏమీ మిగలదు. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. వినకండి. బయటికి తీయగానే పాల ప్యాకెట్టుకి పట్టినట్టు చెమ్మ పడుతుంది.

మా డిస్కు చక్కగానే తిరిగింది. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కొత్త డ్రైవ్‌లా కనిపించింది. ఎక్స్‌పీ రోజుల్లో మన ఫైళ్ళన్నీ డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డర్‌లో, మన పేరు కింద ఉండేవి. విండోస్ విస్టా నుంచైతే యూజర్స్ అనే ఫోల్డర్‌లో చూడాలి. తెరవబోతే "మీకు అనుమతి లేదు" అంటుంది. కంగారు పడక్కర్లేదు, కంటిన్యూ నొక్కితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. కానీ ఒకవేళ "ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడిగితే మాత్రం క్యాన్సిలే నొక్కాలి. డిస్కులో ఏమీ లేదని దాని అర్థం కాదు, ఏది ఎక్కడుందో రాసుకున్న పట్టిక దానికి అర్థం కావట్లేదని.

మాకు అడ్డం పడ్డది అది కాదు. కొన్ని ఫోల్డర్లు గబగబా వచ్చేశాయి. అమ్మ పాటలున్న ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి కాపీ గీత ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, కదల్లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది, డిస్కు తన ఆరోగ్యం గురించి తాను రాసుకున్న లెక్కల్ని చూపిస్తుంది. కొన్ని అడాప్టర్లతో అది పని చేయదు, మాదానితో చేసింది. పసుపురంగులో "కాషన్" అని చూపించింది. అంటే చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయని.

మావారు అప్పుడే ఆఫీసునుంచి వచ్చి, "చెక్‌డిస్క్ కొట్టండి, రిపేర్ అయిపోతుంది" అన్నారు. ఎవరైనా ముందు చెప్పేది అదే. నేను గట్టిగా వద్దన్నది ఇక్కడే, ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. ముందు నకలు, తర్వాతే మరమ్మతు.

ఎందుకంటే డిస్కు "రిపేరు"లో రెండు రకాలున్నాయి. ఒకటి పట్టిక చెడిపోవడం. మన వంటింట్లో డబ్బాల మీద చీటీలు ఊడిపోయినట్టు. పప్పులు బాగానే ఉన్నాయి, ఏది ఏదో తెలియట్లేదు. చెక్‌డిస్క్ చేసేది ప్రధానంగా ఆ చీటీల పని. రెండోది పళ్ళెం మీద చోటే పాడవడం, బ్యాడ్ సెక్టార్లు అంటారు. అది పప్పుకి పురుగు పట్టడం లాంటిది. ఏ ప్రోగ్రామూ ఆ చోటుని బాగుచేయలేదు, పక్కన పెట్టి ఇంక వాడకుండా చూడగలదు, అంతే. ఇప్పుడు చిక్కేమిటంటే, చెక్‌డిస్క్‌కి మన అమ్మ పాట మీద మమకారం ఉండదు. దానికి కావలసింది పట్టిక లెక్క సరిపోవడం. లెక్క కుదరని ముక్కల్ని ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పేరూ ఊరూ లేకుండా పడేస్తుంది, కొన్నిటిని వదిలేస్తుంది కూడా. పైగా బ్యాడ్ సెక్టార్లు వెతకమంటే డిస్కు మొత్తాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా చదువుతుంది. అసలే ఆయాసపడుతున్నదాన్ని ఏడు కొండలూ ఎక్కించడమే అది. ఆ ఎక్కడంలో ప్రాణం పోతే, కాపీ చేసుకునే అవకాశం కూడా దానితోనే పోతుంది.

అందుకని మేం చేసింది వేరు. మా అమ్మాయి ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ వేసి, ల్యాప్‌టాప్‌ని దానిమీదనుంచి నడిపింది. అందులో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాని పద్ధతి నాకు భలే నచ్చింది. మామూలు కాపీ కష్టమైన చోట తల బాదుకుంటూ కూర్చుంటుంది. ఇది అలా కాదు, కష్టమైన చోటు రాగానే గుర్తు పెట్టుకుని దాటేసి, సులువుగా వచ్చేవన్నీ ముందు తెచ్చేసుకుంటుంది. తర్వాత తీరిగ్గా వెనక్కి వెళ్ళి, వదిలేసినవాటిని కొంచెం కొంచెంగా ప్రయత్నిస్తుంది. పరీక్షల్లో వచ్చిన ప్రశ్నలు ముందు రాసేయమని మనం పిల్లలకి చెప్పేదే కదా! ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

దీంట్లో ఒక్క చోట మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. ఏ డిస్కునుంచి ఏ డిస్కుకి అన్నది వరసలో రాయాలి. తిరగేసి రాస్తే ఖాళీ డిస్కు వచ్చి అమ్మ పాటల మీద కూర్చుంటుంది, ఇక తిరిగి రావు. లినక్స్‌లో వాటి పేర్లు చూస్తే ఒక్క అక్షరమే తేడా. అందుకని పాత డిస్కుకి నా స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించాను. 160 జీబీ అని చూపించేది బొట్టున్నది, 1 టీబీ అని చూపించేది కొత్తగా కొన్నది. మా అమ్మాయి టైపు చేసింది, నేను కాగితం మీద రాసుకున్నదానితో పోల్చి పైకి చదివాను. రెండుసార్లు చదివాకే ఎంటర్ నొక్కింది.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి సులువైనదంతా వచ్చేసింది. మిగిలిన కాస్తా తేలడానికి మర్నాడు పొద్దున్నయింది. తర్వాత పాత డిస్కుని తీసి పక్కన పెట్టి, మావారు చెప్పిన ఆ చెక్‌డిస్క్‌ని నకలు మీద నడిపాం. అది ఏం చేసినా భయం లేదు, అసలుది అలాగే ఉంది కదా. అంటే మేం బాగుచేసింది పాత డిస్కుని కాదు, దాని కవలని.

14 ముక్కల్లో 11 పూర్తిగా వచ్చాయి. రెండిట్లో మధ్యలో పాట ఆగిపోయి కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ అమ్మ గొంతు. ఒకటి అసలు తెరుచుకోలేదు. అది ఏ పాటో వరస చూస్తే నాకు తెలుసు. అమ్మ తప్ప ఇంకెవరూ పాడగా నేను విననిది. పోయింది. ఈ పనిలో అన్నీ వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. రావు. కానీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఎక్కువ వస్తాయి.

ఫోటోల సంగతి ఇంకో రకం. పేర్లతో సహా వచ్చినవి వచ్చాయి. మిగతావాటికి ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ వాడాం. అది పట్టికని పట్టించుకోకుండా, ఫోటోకి ఉండే ఆనవాళ్ళని బట్టి డిస్కంతా గాలించి తీస్తుంది. మంచి ప్రోగ్రామే గానీ, తీసినవాటికి పేర్లుండవు, ఫోల్డర్లుండవు. అన్నీ అంకెలే. వేలకొద్దీ ఫోటోలు ఒకే కుప్పగా పోస్తుంది. ఫోటో లోపల కెమెరా వేసిన తేదీ ఉంటుంది కానీ, మా కెమెరాలో బ్యాటరీ తీసిన ప్రతిసారీ తేదీ మొదటికి వెళ్ళిపోయేది.

అప్పుడు ఆ కుప్ప ముందు ఎవరు కూర్చోవాలి? మా అమ్మాయికి లినక్స్ వచ్చు, కానీ తను అప్పటికి చంటిపిల్ల. మావారికి అన్నీ "ఏదో పెళ్ళి"యే. నాకు మాత్రం నెమలికంఠం రంగు చీర కనబడితే చాలు, అది మా మరిది పెళ్ళి. అదే చీర, మెడలో నల్లపూసలు కొత్తగా కట్టించుకున్నవైతే, ఆడపడుచు సీమంతం. వెనక గోడకి పాత రంగు ఉంటే 2009 సంక్రాంతి లోపు, కొత్త రంగు ఉంటే తర్వాత. డిస్కు పోగొట్టుకున్న పట్టిక నా తలలో ఉంది. మీ ఇంటిది మీ తలలో ఉంటుంది. ఏ ప్రోగ్రామూ దాన్ని రాయలేదు, ఏ షాపులోనూ దొరకదు. అందుకే అంటున్నాను, కంప్యూటర్ తెలిసినవాళ్ళు పక్కన సాయానికి ఉండాలి. ఏం కావాలో తెలిసినవాళ్ళు ముందు కూర్చోవాలి.

ముందు ఏది కాపీ చేయాలన్నది కూడా అందుకే మనమే చెప్పాలి. నీరసపడిన డిస్కు ఎంతసేపు ఓపిక పడుతుందో ఎవరికీ తెలియదు. మగపిల్లలు కూర్చుంటే ముందు సినిమాలు, గేములు లాగుతారు. నా వరస ఇది. ఇక లేని పెద్దవాళ్ళ గొంతులు, వీడియోలు. తర్వాత పిల్లల చిన్నప్పటివి. తర్వాత ఇంటి దస్తావేజులు, సర్టిఫికెట్లు స్కాన్ చేసినవి. ఆ తర్వాతే మిగతావి. తెలుగులో టైపు చేసినవి ఉంటే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ కూడా తెచ్చుకోండి. మా మామగారు రాయించిన వంశవృక్షం అను ఫాంట్లలో ఉంది. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే తాతముత్తాతలందరూ అర్థంకాని గుర్తులుగా కనబడ్డారు. ఫాంటు వేయగానే మనుషులయ్యారు.

దీనికి ఎదురు వాదన కూడా మా ఇంట్లోనే ఉంది. "ఇంత తాపత్రయం దేనికి? తెచ్చుకున్నవి మళ్ళీ ఎప్పుడైనా చూస్తామా?" అని మావారు. కొట్టిపారేసే మాట కాదది. ఆ కుప్పలో సగం పైగా వేలు అడ్డం పడినవి, మసకవి, ఒకే కేకుకి పదిహేను ఫోటోలు. నేనే కూర్చుని తీసేశాను. అన్నీ దాచుకోవాలని నేననను. ఏది ఉంచాలో ఏది పోవాలో మనం తేల్చాలి గానీ, పాడైపోయిన ఓ బోర్డు తేల్చకూడదు అంటాను.

"షాపుకి ఇస్తే వాళ్ళే తీసిస్తారుగా" అని మా పక్కింటి పిన్నిగారు. ఇవ్వొచ్చు. నమ్మకమైన మనిషైతే, మన ఎదురుగా చేస్తానంటే మరీ మంచిది. కానీ ఒక్కసారి ఆలోచించండి. అందులో మన ఆడపిల్లల ఫోటోలుంటాయి, మావారి పాన్ కార్డు నకలుంటుంది, బ్యాంకు కాగితాలుంటాయి. బీరువా తాళాలు ముక్కూ మొహం తెలియని మనిషికిచ్చి "నువ్వే సర్దిపెట్టు" అంటామా?

తీసుకున్నాక పాత డిస్కు ఏం చేయాలన్నది కూడా ఇందులో భాగమే. ఫార్మాట్ చేసి ఇచ్చేశాం అనుకుంటారు చాలామంది. క్విక్ ఫార్మాట్ చేస్తే పోయేది పట్టికే, సరుకు అక్కడే ఉంటుంది. మనకి ఫోటోలు తీసిచ్చిన ఆ ఫోటోరెక్కే, కొనుక్కున్నవాళ్ళకి కూడా తీసిస్తుంది. డిస్కు పని చేస్తుంటే విండోస్‌లో క్విక్ అన్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయాలి. విస్టా తర్వాత వచ్చిన విండోస్‌లన్నీ అలా చేసినప్పుడు డిస్కంతా సున్నాలు రాస్తాయి. పని చేయకపోతే డ్రిల్లుతో నాలుగు చిల్లులు పొడిపించండి. ఆ తర్వాత చెత్తబండిలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకివ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాలు చెప్పేది కూడా, దీన్ని అనుమతి ఉన్న రీసైక్లర్ల దాకా చేర్చమనే. నేనైతే మా బొట్టు డిస్కుని ఇంకా ఇవ్వలేదు. ఆ ఒక్క ముక్క కోసం.

తెచ్చుకున్నవాటిని రెండు చోట్ల పెట్టండి, ఒకే ఇంట్లో రెండు చోట్ల కాదు. మా ఆడపడుచు ఇంట్లో ఒక డిస్కు ఉంది, మా ఇంట్లో ఒకటి. ఆవకాయ జాడీ పంపినట్టే పంపాను.

ఈ ఆదివారం ఇంట్లో ఎవరైనా ఖాళీగా కనబడితే అటక ఎక్కించండి. దించాక దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టకుండానే వెనక స్క్రూలు విప్పి, డిస్కు ఏ రకమో చూడండి. ఆ రోజుకి అంతే చాలు. అడాప్టర్ వచ్చేలోపు కాగితం తీసుకుని, అందులో ఏమేం ఉండాలో, ఏది ముందు కావాలో రాసుకోండి. ఆ జాబితా మీరు తప్ప ఇంట్లో ఇంకెవరూ రాయలేరు.